లాప్‌టాప్ ఫ్యాన్ గరగర: దుమ్ము దులిపి, నూనె వేసి, చివరికి ఫ్యానే మార్చి

లాప్‌టాప్ ఫ్యాన్ చప్పుడులో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి గాలి చప్పుడు, రెండోది బేరింగ్, అంటే ఫ్యాన్ ఇరుసు తిరిగే గుంట, చేసే చప్పుడు. మొదటిదానికి నూనె వేసి లాభం లేదు, రెండోదానికి దుమ్ము దులిపి లాభం లేదు. నా దగ్గరున్న మిషన్‌లో రెండూ కలిసే ఉన్నాయి, అందుకే పని మూడు విడతలు పట్టింది. ఎక్కడ ఏం చేశానో, ఎక్కడ పొరపాటు జరిగిందో వరసగా రాస్తున్నాను.

మిషన్ సంగతి: ఆఫీసుల్లో కొన్నేళ్లు వాడి అమ్మేసే రకం 14 అంగుళాల బిజినెస్ లాప్‌టాప్. ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5-8250యూ ప్రాసెసర్, విడి గ్రాఫిక్స్ చిప్ లేదు, ఫ్యాన్ ఒక్కటే. గేమింగ్ లాప్‌టాప్‌లలో ఫ్యాన్లు రెండుంటాయి, కొన్నిటిలో 12 వోల్టులవి ఉంటాయి. పద్ధతి మాత్రం అదే.

స్క్రూడ్రైవర్ తీసే ముందు చెవి పెట్టి వినాలి. హుస్సుమని ఒకే తీరుగా వస్తుంటే అది గాలి. ఫ్యాన్ బాగానే ఉంది, వేడి బయటికి పోవడం లేదు కాబట్టి ఫుల్ స్పీడులో తిరుగుతోందని అర్థం. గర్‌ర్‌ర్ మని, లోపల ఇసుక పోసినట్టు వస్తుంటే బేరింగ్ అరిగింది. పొద్దున్నే ఆన్ చేసినప్పుడు గట్టిగా ఉండి, పది నిమిషాలకు కాస్త సర్దుకుంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. టికటికమని లెక్కగా కొట్టుకుంటుంటే రెక్కకు ఏదో తగులుతోంది: వైరో, వెంట్రుకో, వంగిన మూతో. సన్నగా కీచుమంటూ, మౌస్‌తో పేజీ కిందికీ పైకీ జరిపినప్పుడల్లా మారుతుంటే అసలది ఫ్యాన్ కాదు, బోర్డు మీది కాయిల్స్ చేసే చప్పుడు. దానికోసం మిషన్ విప్పడం దండగ.

బేరింగ్ పోయిందో లేదో తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. ఫ్యాన్ తిరుగుతుండగా లాప్‌టాప్‌ను మెల్లగా ఒక పక్కకు నిలబెట్టి అర నిమిషం ఉంచండి. చప్పుడు మారినా, పూర్తిగా ఆగినా ఇరుసు దాని గుంటలో వదులైనట్టే. బల్ల మీద ఉన్నప్పుడు గరగరలాడి, ఎడమ అంచు మీద నిలబెడితే చప్పుడు ఆగిపోవడం ఇక్కడ స్పష్టంగా కనిపించింది. లోపల పాత రకం తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే మాత్రం ఈ పరీక్ష చాలా నెమ్మదిగా చేయాలి, డిస్క్ తిరిగేటప్పుడు కుదుపు దానికి మంచిది కాదు.

చెవితో పాటు అంకెలు కూడా కావాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ప్రాసెసర్ వేడినీ, చాలా మోడళ్లలో ఫ్యాన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో కూడా చూపిస్తుంది. గదిలో 34 డిగ్రీలు ఉన్న రోజు తీసిన లెక్క: ఏ పనీ లేకుండా 61 డిగ్రీలు, 4,200 చుట్లు. ఒక పెద్ద ఫోల్డర్‌ను జిప్ చేయిస్తే రెండు నిమిషాల్లో 97 డిగ్రీలు. ఈ ప్రాసెసర్ హద్దు 100 డిగ్రీలు, అక్కడికి దగ్గరవగానే అది తన స్పీడు తనే తగ్గించుకుంటుంది. అందుకే చప్పుడుతో పాటు మిషన్ కూడా నత్తనడక నడిచేది. ఈ లెక్క రాసి పెట్టుకునేటప్పుడు పక్కనే గది వేడి కూడా రాయాలి. విజయవాడలో మే నెల మధ్యాహ్నం గదిలో 40 ఉంటుంది, డిసెంబరు రాత్రి 24 ఉంటుంది. ఏ రిపేరూ చేయకుండానే ప్రాసెసర్ వేడి అంత తేడా చూపిస్తుంది. గది వేడి కంటే ఎంత ఎక్కువ ఉందన్నదే అసలు కొలత.

మొదటి విడత: విప్పడం, దులపడం

కావలసినవి: స్టార్ బిట్లు రెండు, పీహెచ్0, పీహెచ్00. కొన్ని కంపెనీల మిషన్లకు ఆరు కోణాల టార్క్స్ టీ5 కూడా కావాలి. మూత ఊడదీయడానికి పాత ఏటీఎం కార్డు. మెత్తటి పెయింట్ బ్రష్. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చిప్‌కూ దాని వేడిని లాగే హీట్‌సింక్ పలకకూ మధ్య పూసే థర్మల్ పేస్ట్, ఒక తెల్ల కాగితం. ఆల్కహాల్ లేదని హ్యాండ్ శానిటైజర్ వాడకండి, అందులో గ్లిజరిన్ ఉంటుంది, చిప్ మీద జిడ్డు పొర మిగులుతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం అసలే వద్దు, అందులోని అసిటోన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది.

కూర్చునే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి. లేస్తున్న దుమ్ము మళ్లీ మిషన్‌లోకే పోతుంది, పైగా కాగితం ఎగిరితే మరలు మంచం కింద వెతుక్కోవాలి.

విండోస్‌లో మామూలుగా షట్‌డౌన్ కొడితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల మిషన్ పూర్తిగా ఆగదు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టాలి. చార్జర్ తీసేయాలి. బ్యాటరీ బయటికి ఊడే రకమైతే తీసేయాలి. కొన్ని బిజినెస్ మోడళ్లకు బయాస్‌లోనే, అంటే విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగుల్లోనే, లోపలి బ్యాటరీని ఆపే ఆప్షన్ ఉంటుంది, ఉంటే వాడుకోండి. లేకపోతే మూత తీయగానే మొట్టమొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడమే. వైర్లు పట్టి లాగకండి, కనెక్టర్ రెండు చెవులనూ గోళ్లతో కొంచెం కొంచెంగా నెట్టండి. తర్వాత పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది.

వెనక మూత మరలు కొన్ని మోడళ్లలో మూతకే వేలాడుతుంటాయి, బయటికి రావు. వదులైతే చాలు, లాగాలని చూడకండి. కొన్నిటిలో రబ్బరు కాళ్ల కింద కూడా మరలు దాక్కుంటాయి. కార్డు దూర్చినా మూత ఒక మూల పట్టేస్తుంటే బలం పెట్టకుండా అక్కడ ఇంకో మర ఉందేమో చూడండి. ప్లాస్టిక్ కొక్కేలు విరగడానికి చాలాసార్లు కారణం ఇదే. బయటికొచ్చే మరలైతే తెల్ల కాగితం మీద మిషన్ బొమ్మ గీసి, ఏ మర ఏ మూలదో అక్కడే గుచ్చి పెట్టాలి. 3 మిల్లీమీటర్ల మర ఉండాల్సిన చోట 6 మిల్లీమీటర్లది బిగిస్తే అది బోర్డులోకి దిగుతుంది. కీబోర్డు పక్క బుడిపె వచ్చిన లాప్‌టాప్‌లలో కొన్ని ఈ రకంగా పాడైనవే.

మూత తీశాక ఫ్యాన్ శుభ్రంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. దుమ్ము అక్కడ ఉండదు. ఫ్యాన్ గాలిని పక్కకు తోసే చోట, రాగి గొట్టం చివర సన్నని రేకుల వరస ఉంటుంది చూడండి, ఆ రేకులకు లోపలి వైపున ఉంటుంది. ఫ్యాన్ పై రేకు మూత మూడు చిన్న మరలతో ఉంది, తీసి పక్కన పెట్టాను. రేకులకు అడ్డంగా బూడిద రంగు పట్టీ ఒకటి, దాదాపు మూడు మిల్లీమీటర్ల మందం. టూత్‌పిక్‌తో ఒక చివర లేపితే ముక్కలు కాకుండా మొత్తం ఒకే దుప్పటి ముక్కలా ఊడొచ్చింది. వెనక్కి తిప్పితే రేకుల గీతలన్నీ దాని మీద అచ్చు పడి ఉన్నాయి. దూది పోగులు, వెంట్రుకలు, వంటింటి పొగ జిడ్డు, అగరుబత్తి మసి అన్నీ కలిస్తే దుమ్ము ఇలా గట్టిపడుతుంది. మంచం మీద దుప్పటిపై పెట్టి వాడే మిషన్లలో ఇది ఇంకా త్వరగా పేరుకుంటుంది.

సర్వీసింగ్ పేరుతో చాలాచోట్ల మూత విప్పకుండా బ్లోయర్‌తో బయటి నుంచే ఊదేస్తారు. ఆ గాలి పట్టీని కాస్త వెనక్కి నెడుతుంది, రెండు రోజులు బాగుంటుంది, ఫ్యాన్ మళ్లీ దాన్ని తెచ్చి అక్కడే అతికిస్తుంది. ఇంకో ప్రమాదం, బ్లోయర్ గాలికి ఫ్యాన్ దాని మామూలు స్పీడు కంటే ఎన్నో రెట్లు తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. అలా తిరిగేటప్పుడు మోటారు జనరేటర్‌లా పనిచేసి బోర్డులోకి కరెంటు కూడా పంపగలదు. ఊదాలంటే ఒక వేలితో రెక్కలు కదలకుండా పట్టుకుని ఊదండి.

రెక్కలను ఒక్కొక్కటిగా బ్రష్‌తో తుడవాలి. సగం రెక్కలు శుభ్రం చేసి సగం వదిలేస్తే బరువు తేడా వచ్చి కొత్త వణుకు మొదలవుతుంది. కొన్ని ఫ్యాన్లలో రెక్కల మధ్య చిన్న బంకముద్ద అంటించి ఉంటుంది. అది మురికి కాదు, బరువు సరిచేయడానికి ఫ్యాక్టరీలో పెట్టింది. గీకేయకండి.

ఎలాగూ విప్పాం కాబట్టి పేస్ట్ కూడా మార్చాను. హీట్‌సింక్ మరల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు ఉంటాయి. విప్పేటప్పుడు 4 నుంచి 1కి, ఒక్కోదాన్ని సగం చుట్టు చొప్పున వదులు చేస్తూ రావాలి. పాత పేస్ట్ గట్టిపడి ఉంటే పైకి లాగకుండా కొంచెం అటూ ఇటూ తిప్పితే వదులుతుంది. విప్పే ముందు మిషన్‌ను పది నిమిషాలు నడిపి ఉంటే ఇంకా తేలిక. చిప్‌ను ఆల్కహాల్ తడిపిన నూలు గుడ్డతో అద్దంలా తుడిచి, బియ్యపు గింజంత పేస్ట్ పెట్టి, కార్డు ముక్కతో పలచగా పరిచాను. లాప్‌టాప్ చిప్‌కు డెస్క్‌టాప్‌లా రేకు టోపీ ఉండదు, చిప్ అంచుల దాకా పేస్ట్ అందకపోతే ఆ మూల వేడెక్కుతుంది. కాబట్టి మధ్యలో చుక్క పెట్టి వదిలేయడం కంటే పరవడమే నయం. బిగించేటప్పుడు 1 నుంచి 4కి, మళ్లీ కొంచెం కొంచెంగా.

మూత పెట్టి ఆన్ చేస్తే టికటిక! ముందు లేని చప్పుడు. వైఫై యాంటెన్నా నల్ల వైరు ఫ్యాన్ పక్క గాడిలోంచి బయటికొచ్చి ఉంది, మూత దాన్ని రెక్కల మీదికి నొక్కుతోంది. మళ్లీ విప్పి, వైరును గాడిలోకి నెట్టి, చిన్న టేపు ముక్క వేస్తే పోయింది. మూత మూసే ముందు ఫ్యాన్ చుట్టూ ఉన్న వైర్లన్నీ ఒకసారి వేలితో తడిమి చూసుకుంటే ఈ రెండో విప్పుడు తప్పేది.

ఈ విడత ఫలితం, అదే 34 డిగ్రీల గదిలో: ఖాళీగా 46 డిగ్రీలు, 2,900 చుట్లు, పనిలో 84 డిగ్రీలు. హుస్సు పోయింది. గరగర మాత్రం పోలేదు సరికదా, పై చప్పుడు తగ్గాక ఇంకా స్పష్టంగా వినిపించడం మొదలుపెట్టింది.

రెండో విడత: నూనె

బేరింగ్ చప్పుడుకు నూనె అందరూ చెప్పే చిట్కా. పనిచేస్తుంది, కానీ ఎంతకాలం అన్నదే ప్రశ్న. ఫ్యాన్‌ను హీట్‌సింక్ నుంచి విడదీసి వెనక స్టిక్కర్ తీసి చూశాను. పాత డెస్క్‌టాప్ ఫ్యాన్లలో స్టిక్కర్ కింద రబ్బరు బిరడా, దాని కింద ఇరుసు కనిపిస్తాయి. లాప్‌టాప్ ఫ్యాన్లలో చాలావాటికి వెనక భాగం పూర్తిగా మూసే ఉంటుంది. దీనిదీ అంతే. అప్పుడు రెక్కల చక్రాన్నే పైకి తీయాలి. రెండు వేళ్లతో మధ్య టోపీని ఎదురెదురుగా పట్టుకుని నిటారుగా పైకి లాగితే, అయస్కాంతం పట్టు వదిలి టప్పుమని వచ్చేస్తుంది. రెక్కలు పట్టుకుని లాగితే విరుగుతాయి. తేలిగ్గా రాకపోతే లోపల ప్లాస్టిక్ రింగు తాళం ఉన్నట్టు. బలవంతం చేస్తే చక్రం వస్తుంది గానీ మళ్లీ నిలవదు, అక్కడితో ఆపి కొత్త ఫ్యాన్ కొనడమే మేలు.

ఇరుసు అగ్గిపుల్ల కంటే కాస్త సన్నం. దాని మీద నూనె బదులు కాటుకలాంటి నల్లటి పూత ఉంది. అది అరిగిన లోహపు పొడి, ఎండిన నూనె కలిసింది. ఇరుసును నూలు గుడ్డతో తుడిచి, గుంటలోకి కాగితాన్ని సన్నగా చుట్టి దూర్చి, మూడుసార్లు కాగితం మార్చాక గానీ నలుపు తగ్గలేదు. తర్వాత ఇన్సులిన్ సిరంజితో కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు గుంటలో వేశాను. అంతకంటే ఎక్కువ వద్దు. ఎక్కువైతే చక్రం కూర్చోబెట్టగానే పైకి పొంగి, తిరిగేటప్పుడు చుట్టూ చిమ్మి, దానికే కొత్త దుమ్ము అంటుకుంటుంది.

ఏ నూనె అన్నది చిన్న విషయం కాదు. కొబ్బరినూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, వేడికి బంకలా మారుతుంది. డబ్ల్యూడీ-40 వేస్తే వెంటనే నిశ్శబ్దమైపోతుంది, అందుకే దాన్ని చాలామంది నమ్ముతారు. కానీ అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకం, ఉన్న కాస్త నూనెను కూడా కడిగేసి పోతుంది. గ్రీజు చిక్కన. ఈ మోటారు 5 వోల్టుల మీద అర ఆంపియర్ తీసుకునేది, అంటే మొత్తం బలం రెండున్నర వాట్లు. గ్రీజులో ఇరుసు తిప్పడానికి అది చాలదు.

చక్రం తిరిగి పెట్టి వేలితో తిప్పితే మెత్తగా తిరిగి ఆగింది. మిషన్ ఆన్ చేస్తే గరగర మాయం. సరిగ్గా రెండున్నర నెలలు. ఆ తర్వాత ఒక పొద్దున మళ్లీ మొదలైంది, ముందు కంటే కొంచెం ముదిరి.

ఎందుకంటే నూనె అరుగుదలను పూడ్చలేదు. గుండ్రంగా ఉండాల్సిన గుంట ఏళ్ల తరబడి తిరిగి కోలగా అవుతుంది. నూనె ఆ సందును కొన్నాళ్లు నింపుతుంది, వేడికి పలచబడి కారిపోతుంది, ఇరుసు మళ్లీ గోడకు కొట్టుకుంటుంది. చక్రం అంచును వేలితో పక్కకు కదిపి చూస్తే తేలిపోతుంది. కొత్తదానిలో ఆట ఉన్నా లేనట్టే ఉంటుంది, దీనిలో కంటికి కనిపించేంత ఊగుతోంది. ఊగుతున్న ఫ్యాన్‌కు నూనె వేయడం కొత్త ఫ్యాన్ చేతికి వచ్చేదాకా రోజులు గడపడానికే. ఊగకుండా, కేవలం ఎండిపోయి గరగరలాడేదానికి మాత్రం నూనె చాలాకాలం పనిచేయొచ్చు.

మూడో విడత: కొత్త ఫ్యాన్

ఇక్కడ డబ్బు వృథా అయ్యేది ఒకటే కారణంతో: మోడల్ పేరు చెప్పి కొనడం. మొదటిసారి అలాగే ఆర్డర్ పెడితే, అదే మోడల్‌లో విడి గ్రాఫిక్స్ చిప్ ఉన్న మిషన్‌కు సరిపోయే ఫ్యాన్ వచ్చింది. బయటి నుంచి చూస్తే కవలలు. మర చెవి ఒకటి నాలుగు మిల్లీమీటర్లు పక్కకు ఉంది. పాత ఫ్యాన్ విప్పి, దాని స్టిక్కర్ మీది పార్ట్ నంబరు చూసి కొనాలి. కంపెనీ నంబర్లు కూడా పనికొస్తాయి: లెనోవో థింక్‌ప్యాడ్‌లకు ఎఫ్ఆర్‌యూ నంబరు, డెల్‌కు డీపీఎన్ కోడు, హెచ్‌పీకి చివర 001 లాంటి అంకెలుండే స్పేర్ నంబరు. నంబరు కలిసినా నాలుగు చూడండి: వోల్టేజి, వైర్ల సంఖ్య, కనెక్టర్ సైజు, వైరు పొడవు. ఎక్కువ భాగం లాప్‌టాప్ ఫ్యాన్లకు నాలుగు వైర్లు ఉంటాయి. ఒకటి 5 వోల్టులు, ఒకటి గ్రౌండ్, ఒకటి ఎన్ని చుట్లు తిరుగుతోందో బోర్డుకు చెప్పేది, ఇంకోటి స్పీడు ఎంత ఉండాలో బోర్డు చెప్పే పీడబ్ల్యూఎం. వైర్ల రంగులకు ఒక పద్ధతంటూ లేదు, రంగు చూసి కోసి అతికించకండి.

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పాత ఫ్యాన్ చేత్తో పట్టుకుని వెళ్లొచ్చు, పక్కపక్కన పెట్టి పోల్చుకుని తీసుకోవచ్చు. పాత మిషన్ల నుంచి తీసిన ఒరిజినల్ ఫ్యాన్లూ, కొత్త కాపీలూ రెండూ దొరుకుతాయి. పాతవాటిలో ఊగని ఫ్యాన్ దొరికితే కొత్త కాపీ కంటే అదే నాకు నచ్చుతుంది. నోటితో ఊది తిప్పి, వెంటనే చెవి దగ్గర పెట్టుకుని వినండి. గాలి చప్పుడు తప్ప గీరిన శబ్దం ఏదీ రాకూడదు.

బిగించడం పది నిమిషాల పని. మరిచిపోయేది ఒకటుంది: ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య సందు మూసే నల్ల టేపు. విప్పేటప్పుడు చిరుగుతుంది, చిరిగిందని పారేస్తే గాలి రేకుల్లోకి పోకుండా ఆ సందులోంచి వెనక్కి వచ్చేస్తుంది. కరెంటు పనికి వాడే మామూలు ఇన్సులేషన్ టేపు వేస్తే వేడికి దాని జిగురు కారి జారిపోతుంది. మొబైల్ రిపేర్ వాళ్లు వాడే పసుపుపచ్చ క్యాప్టన్ టేపు వేడికి నిలుస్తుంది. అల్యూమినియం టేపు గాలిని ఆపుతుంది గానీ ఊడి బోర్డు మీద పడితే షార్ట్.

కనెక్టర్‌ను గోటితో చివరిదాకా నొక్కారో లేదో చూసుకోండి. సగమే దిగితే ఆన్ చేయగానే ఫ్యాన్ ఎర్రర్ చూపిస్తుంది. హెచ్‌పీ మిషన్లలో అది సిస్టమ్ ఫ్యాన్ 90బీ అని వస్తుంది. కంగారు పడక్కర్లేదు, ఆపి, బ్యాటరీ తీసి, కనెక్టర్ మళ్లీ నొక్కితే చాలా సందర్భాల్లో సరిపోతుంది.

చివరి లెక్క, గది 33 డిగ్రీలు: ఖాళీగా 43, ఫ్యాన్ చాలాసేపు పూర్తిగా ఆగే ఉంటుంది. జిప్ పరీక్షలో 79 డిగ్రీలు, 3,600 చుట్లు. గరగర లేదు, ఏ పక్కకు నిలబెట్టినా చప్పుడు మారడం లేదు. వేసవి మధ్యాహ్నాల్లో ఇంకా తగ్గాలనుకుంటే విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెడితే టర్బో, అంటే ప్రాసెసర్ కాసేపు మామూలు కంటే ఎక్కువ స్పీడు అందుకోవడం, ఆగుతుంది. స్పీడు తగ్గుతుంది, కానీ టైపింగ్, బ్రౌజింగ్ చేసుకునేవాళ్లకు తేడా పెద్దగా తెలియదు.

మళ్లీ ఎప్పుడు విప్పాలో తెలియడానికి ఆరు నెలలకోసారి ఒక పని చేస్తున్నాను. మిషన్ ఆపి తలకిందులు చేసి, వేడిగాలి బయటికొచ్చే రేకుల దగ్గర ఫోన్ టార్చి పెట్టి, కింది జాలీలోంచి లోపలికి చూడటం. ఫ్యాన్ రెక్కల మీద వెలుగు చారలు చారలుగా పడుతుంటే మూత జోలికి పోవాల్సిన పని లేదు. చీకటిగా ఉంటే పట్టీ మళ్లీ కట్టుకున్నట్టే.